లెవల్ పైపు, చెక్క పెట్టె, ఇత్తడి బిళ్ల

హెడ్డు విప్పి బల్ల మీద పెట్టి, పోర్టులో కాస్త డీజిల్ పోసి, వాల్వు అంచున చెమ్మ పుడుతుందేమో అని చూస్తారు. జనగామలో హైవే పక్క షెడ్లయినా, మానుకోటలో ట్రాక్టర్ మెకానిక్కులయినా, భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు బాగుచేసేవాళ్లయినా హెడ్ పని ముగిసిందనడానికి చేసే ఆఖరి పరీక్ష ఇదే. అప్పటికి గైడ్లు మార్చారు, సీట్లు కోశారు, పేస్టు పెట్టి వాల్వులు రుద్దారు, లేత్ షాపులో ముఖం ఫేసింగ్ చేయించారు. డీజిల్ కారలేదంటే హెడ్డు ఎక్కించేయొచ్చు.

ఆ పరీక్షను నేను తక్కువ చేయడం లేదు. ఒక గుక్కెడు డీజిల్‌తో అంత నమ్మకంగా చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. కానీ అది మూసి ఉన్న వాల్వు సంగతి మాత్రమే చెబుతుంది. ఇంజన్ ఊపిరి పీల్చేది వాల్వు తెరుచుకున్నప్పుడు. మూడు సిలిండర్ల ట్రాక్టర్ హెడ్డులో మొదటి పోర్టులోంచి ఎంత గాలి పోతోంది, మూడో దాంట్లోంచి అంతే పోతోందా, సీటు మళ్లీ మళ్లీ కోయడంవల్ల వాల్వు లోపలికి దిగిపోయి గాలికి అడ్డం పడుతోందా? వీటికి మన షెడ్లలో జవాబు లేదు. పది రోజులకు రైతు తిరిగొచ్చి "అన్నా, బండి గుంజుతలేదే, నల్ల పొగ కొడ్తంది" అంటే పంపును అనుమానిస్తాం, నాజిళ్లను అనుమానిస్తాం, ఎయిర్ ఫిల్టర్ దులుపుతాం. హెడ్డు జోలికి పోము, డీజిల్ కారలేదు కాబట్టి.

తెరిచిన వాల్వులోంచి ఎంత గాలి పోతుందో కొలిచే పరికరం పేరు ఫ్లో బెంచ్. కొనాలంటే లక్షల్లో మాట. సొంతంగా కట్టుకుంటే వేలల్లో తేలుతుంది. ఏది మేలు అనే తర్జనభర్జన ఇంగ్లండులో, అమెరికాలో హెడ్ పని చేసేవాళ్ల మధ్య ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. మనకింకా ఆ ప్రశ్నే ఎదురు కాలేదు. ఎదురయ్యేలోపు వాళ్లు నేర్చుకున్నది మనం తెలుసుకుంటే డబ్బు, కాలం రెండూ మిగులుతాయి.

బెంచి అంటే భయపడాల్సిన యంత్రమేమీ కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ చేతిలో ఉండే లెవల్ పైపునే తీసుకోండి. పారదర్శకంగా ఉండే పైపులో నీళ్లు పోసి ఆ గోడకూ ఈ గోడకూ మట్టం చూస్తాడు. రెండు కొసలూ ఒకే గాలికి తెరిచి ఉంటే నీళ్లు సమంగా నిలుస్తాయి. ఒక కొసను గాలి పీల్చేసే పెట్టెకు తగిలిస్తే అటువైపు నీళ్లు పైకి లేస్తాయి. రెండు వైపుల మట్టాల మధ్య ఎంత తేడా వచ్చిందో అదే పీడనంలో తేడా. ఫ్లో బెంచీల మీద ఎక్కువగా వాడే కొలత కూడా ఇదే: ఇన్ని అంగుళాల నీళ్లు. అమెరికాలో ఎక్కువమంది 28 అంగుళాల దగ్గర పరీక్షిస్తారు, అంటే దాదాపు 71 సెంటీమీటర్లు. పాత చిన్న బెంచీలు 10 అంగుళాలతో సరిపెట్టుకునేవి.

ఇక మిగతా సామాను: గాలి చొరబడని ఒక పెట్టె, దాని మీద హెడ్డు కూర్చోవడానికి సిలిండర్ బోరుకు సరిపడే పైపు ముక్క, లోపల గాలిని లాగడానికి వాక్యూమ్ క్లీనర్ మోటార్లు, గాలి దారిలో కొలిచి చేసిన రంధ్రం ఉన్న ఒక ప్లేటు. హెడ్డులోంచి ఎంత గాలి వచ్చిందో ఆ రంధ్రంలోంచీ అంతే పోవాలి కాబట్టి, రంధ్రం దగ్గర పీడనం తేడా చూస్తే లెక్క దొరుకుతుంది. 25 మిల్లీమీటర్ల పదునంచు రంధ్రం మీద 28 అంగుళాల నీటి పీడనం పెడితే సెకనుకు సుమారు 32 లీటర్ల గాలి పోతుంది. పీడనం నాలుగు రెట్లయితే గాలి రెండింతలే అవుతుంది, వర్గమూలం లెక్క కాబట్టి. అందుకే 10 అంగుళాల దగ్గర తీసిన అంకెను 28 అంగుళాలకు మార్చాలంటే 1.67తో గుణిస్తారు. ఈ వర్గమూలం మనకు ఒక మేలు కూడా చేస్తుంది. నీటి మట్టం చదవడంలో నూటికి ఒకటి తప్పితే, గాలి లెక్కలో తప్పేది అర శాతమే.

ఈ పనికి తొలి పాఠం ఇంగ్లండు నుంచి వచ్చింది. హ్యారీ వెస్లేక్ 1920లలోనే హెడ్డులో గాలి దారిని కొలిచి, ఆ కొలతను బట్టి పోర్టు ఆకారం దిద్దడం మొదలుపెట్టాడు. కొనుక్కోవడానికి అప్పుడు బెంచీలు లేవు, తన పరికరం తనే చేసుకున్నాడు. బెంట్లీ ఇంజన్ల మీద పనిచేశాడు. తర్వాత జాగ్వార్ కంపెనీ పూర్వరూపమైన సంస్థకు స్టాండర్డ్ ఇంజన్ మీద పెట్టడానికి ఓవర్‌హెడ్ వాల్వ్ హెడ్డు గీసిచ్చాడు. 70 గుర్రాల శక్తి దగ్గర ఉన్న ఆ ఇంజన్ 1935లో వంద దాటింది. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ హెడ్డులోనూ అతని చెయ్యి ఉంది.

అమెరికాలో 1972లో నీల్ విలియమ్స్ సూపర్‌ఫ్లో కంపెనీ పెట్టాక పరిస్థితి మారింది. రేసు ఇంజన్లు చేసే చిన్న షాపు కూడా బెంచి కొనుక్కోగలిగే రోజులొచ్చాయి. ఆ కంపెనీ ఏం అమ్మిందో సరిగ్గా అర్థం చేసుకోవాలి. పెట్టె, మోటార్లు, గాజు గొట్టాలు ఎవరైనా చేయగలరు. కొలరాడోలో కొలిచిన హెడ్డును ఫ్లోరిడాలో కొలిచినా దాదాపు అదే అంకె రావాలి, కంపెనీ అమ్మింది ఆ పొందికనే. హెడ్లు తయారుచేసి దేశమంతా అమ్మేవాడికి ఆ అంకె సరుకులో భాగం. కొనేవాడు పొరుగు రాష్ట్రంలో తన మనిషి దగ్గర మళ్లీ కొలిపించి చూస్తాడు. ఆ బేరానికి కంపెనీ బెంచి లేకుండా కుదరదు.

రెండో దారిని, అంటే సొంతంగా కట్టుకోవడాన్ని, బాగా ప్రచారం చేసినవాడు డేవిడ్ విజార్డ్. పుట్టుక ఇంగ్లండులో, స్థిరపడింది అమెరికాలో. హెడ్డు పోర్టింగ్ మీద దశాబ్దాలుగా రాస్తున్న మనిషి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్, చెక్క పెట్టె, నీళ్ల గొట్టంతో బెంచి కట్టుకోవచ్చని చూపించాడు. ఆయన పద్ధతిలో తెలివంతా ఒకచోట ఉంది. పీడనాన్ని 28 అంగుళాల దగ్గర బిగబట్టాలని పాకులాడడు. మోటారు ఎంత లాగితే అంత లాగనిస్తాడు. హెడ్డు దగ్గర ఒక నీటి మట్టం, ప్లేటు దగ్గర ఇంకో నీటి మట్టం పక్కపక్కనే చూసి రెండింటి నిష్పత్తి తీసుకుంటాడు. ప్లేటు దగ్గర 10 సెంటీమీటర్లు, హెడ్డు దగ్గర 40 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. పదిని నలభైతో భాగిస్తే పావు, దాని వర్గమూలం అర. అంటే వాల్వు అంత ఎత్తు తెరుచుకున్నప్పుడు, ఆ లిఫ్టు దగ్గర, హెడ్డు మన ప్లేటు రంధ్రంలో సగం దారి ఇస్తోంది. అంతే లెక్క.

ఈ పద్ధతి మన మూడు ఊళ్లకు ఎందుకు నప్పుతుందో వివరంగా చెప్పాలి. సాయంత్రం పూట షెడ్డులో వోల్టేజి నిలకడగా ఉండదు. వెల్డింగ్ మిషన్ పట్టగానే లైట్లు మసకబారే చోట వాక్యూమ్ మోటారు వేగం ఊగుతూనే ఉంటుంది. ఒకే పీడనం దగ్గర నిలబెట్టి చదవాలంటే మనిషి వాల్వు తిప్పుతూ విసిగిపోతాడు. నిష్పత్తి పద్ధతిలో మోటారు ఊగితే రెండు మట్టాలూ కలిసే ఊగుతాయి, నిష్పత్తి చెదరదు. ఎండ సంగతీ అంతే. డిసెంబరు పొద్దున 15 డిగ్రీల్లో గాలి ఉన్నంత దట్టంగా మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో ఉండదు. అదే హెడ్డు, అదే పీడనం దగ్గర, లీటర్ల లెక్కలో ఆ రెండు రోజులకూ 5 శాతం దాకా తేడా చూపిస్తుంది. పోర్టును వారం రోజులు సానబెట్టి సాధించే లాభం కూడా కొన్నిసార్లు అంతే ఉంటుంది! శీతాకాలంలో తీసిన అంకెను ఎండాకాలపు అంకెతో పోల్చి పని బాగా కుదిరిందని సంబరపడితే మోసపోయినట్టే. నిష్పత్తికి ఈ బెడద లేదు. ఒక్క జాగ్రత్త ఉండాలి: ప్లేటు మోటారుకు ముందే రావాలి. మోటారు దాటిన గాలి వేడెక్కి ఉంటుంది, అక్కడ కొలిస్తే లెక్క చెడుతుంది.

ఇక భూపాలపల్లి బొగ్గు దుమ్ము. సెన్సర్లున్న ఖరీదైన బెంచీ అయితే దాని గది, దాని ఫిల్టర్లు అన్నీ చూసుకోవాలి. నీళ్ల గొట్టం మీద దుమ్ము పడితే గుడ్డతో తుడిస్తే చాలు.

ఇంత చెప్పానని సొంత బెంచికి లోపాల్లేవని కాదు. మొదటి శత్రువు కారడం. ప్లైవుడ్ పెట్టె మూలల్లో, హెడ్డు కింద గాస్కెట్ దగ్గర, స్క్రూ రంధ్రాల్లో గాలి దొంగదారులు వెతుక్కుంటుంది. ఎండకు చెక్క ఎండి పగులుతుంది, వానాకాలం ఉబ్బుతుంది, నిన్న లేని సందు ఇవాళ పుడుతుంది. అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు హెడ్డు స్థానంలో గ్రీజు పూసిన చదును రేకు పెట్టి మోటారు వేయాలి. ప్లేటు దగ్గర మట్టం కదలకూడదు. కదిలితే ఆ రోజు కొలతలు తీసుకోవద్దు, సందు వెతకాలి. రెండో శత్రువు బలం చాలకపోవడం. ఇంటి వాక్యూమ్ క్లీనర్ మోటారు ఒక్కటే అయితే బైకు హెడ్డుకు సరిపోతుంది. టిప్పర్ వాల్వు పూర్తిగా తెరిస్తే నీటి మట్టం చాలా తక్కువ దగ్గర ఆగిపోతుంది, చదవడం కష్టం. నాలుగైదు మోటార్లు పక్కపక్కనే, ఒక్కోటి విడిగా గాలి లాగేలా పెట్టి, ఒక్కోదానికి ఒక్కో స్విచ్చి ఇవ్వడమే దారి. మట్టం తక్కువైనప్పుడు గొట్టాన్ని ఏటవాలుగా బిగిస్తే ఒక సెంటీమీటరు ఎత్తు పది సెంటీమీటర్ల పొడవుగా కనిపిస్తుంది, కంటికి సుఖం.

మూడో శత్రువు మనిషే. పోర్టు నోటి దగ్గర గుండ్రటి అంచు పెట్టకపోతే గాలి వాడి అంచు మీద విరిగి తక్కువ అంకె వస్తుంది. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే తెచ్చి బొటనవేలి మందాన చుట్టూ పెడితే చాలు. ఈసారి పెట్టి, వచ్చేసారి మరిచిపోతే మాత్రం పోర్టులో లేని లోపం కనిపిస్తుంది. వాల్వును తెరవడానికి అసలు స్ప్రింగులు తీసేసి పలచటి స్ప్రింగు వేసి, బోల్టుతో నొక్కి, డయల్ గేజితో చదవాలి. వాల్వు వ్యాసంలో నాలుగో వంతు లిఫ్టు వచ్చేదాకా గాలికి దారి ఇచ్చేది వాల్వు చుట్టూ ఉన్న అంచే. సీటు కోత బాగుందో లేదో తేలేది ఆ తక్కువ లిఫ్టుల దగ్గరే. లేత్ షాపులో మనవాళ్లు కోసే 45 డిగ్రీల సీటుకు పైన 30, కింద 60 డిగ్రీలు తీస్తే ఎంత మారుతుందో బెంచి మీద చూసిన మెకానిక్కు మళ్లీ ఒంటి కోతతో వదలడు.

ఇక్కడ ట్రాక్టర్, టిప్పర్ పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. విజార్డ్ లాంటివాళ్లు రాసేది ఎక్కువగా పెట్రోలు ఇంజన్ల మీద. అక్కడ సాధారణంగా గాలి ఎక్కువ పోతే మేలు. మన డీజిల్ హెడ్డులో చాలావాటికి పోర్టు కావాలనే వంకరగా పోస్తారు, గాలి సిలిండర్‌లో సుడి తిరుగుతూ దిగాలని. ఆ సుడే డీజిల్‌ను గాలితో కలుపుతుంది. వంకర అడ్డంగా ఉందని గ్రైండరు పెట్టి తీసేస్తే బెంచి మీద అంకె పెరుగుతుంది, రోడ్డు మీద పొగ కూడా పెరుగుతుంది. కాబట్టి డీజిల్ హెడ్డుకు బెంచి పోర్టు పెద్దది చేసే పనిముట్టు కాదు. మూడు పోర్టులూ సమంగా ఉన్నాయా, రీకండిషనింగ్‌కు ముందూ తర్వాతా తేడా ఎంత, దిగిపోయిన వాల్వుకు కొత్త సీటు రింగు వేయాలా అని తేల్చే సాక్షి. సుడి కూడా చూడాలనుకుంటే సిలిండర్ పైపులో తేలికైన రెక్కల చక్రం ఒకటి వేలాడదీసి, టాకోమీటర్‌తో దాని వేగం చదవొచ్చు. కంపెనీ బెంచికి ఇది విడిగా కొనాల్సిన సామాను. మనకైతే ఒక బేరింగు, నాలుగు రేకు ముక్కలు.

మన పక్కనే ఇంకో పాఠం ఉంది. జనగామ నుంచి హైదరాబాద్ వైపు పోతే ఆలేరు, ఆ దగ్గర శారాజీపేట. చింతకింది మల్లేశం అక్కడివాడు. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, తల్లి లక్ష్మి రోజూ వేలసార్లు చెయ్యి ఆడిస్తూ భుజం నొప్పితో బాధపడడం చూసి 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టి, 1999కి పూర్తిచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సొంతంగా చేసుకోవడం మన నేలకు కొత్త కాదనడానికి ఆయన పేరు చెబుతాం. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, ఆయనకు సరిచూసుకోవడానికి ఒక కొలమానం ఉండడం. యంత్రం పోసిన ఆసు సరిగ్గా ఉందో లేదో మగ్గం దగ్గర కూర్చున్న నేతగాడు వెంటనే చెప్పేస్తాడు, తల్లి చేతి ఆసు ఎదురుగా ఉంది. ఫ్లో బెంచి కట్టేవాడికి అలాంటి సాక్షి లేడు. గాలి కంటికి కనిపించదు. పెట్టె తప్పు చెప్పినా అంకె అంకెలాగే ఉంటుంది, నమ్మబుద్ధేస్తుంది. కాబట్టి తల్లి చేతి ఆసు స్థానంలో నిలిచేది ఒకటి కావాలి.

దానికి దారి కోయంబత్తూరులో కనిపిస్తుంది. మన బావుల్లో, బోర్లలో తిరిగే పంపుల మీద ఆ ఊరి పేరు చూడని రైతు అరుదు. అక్కడ ఆ పరిశ్రమకు పునాది వేసినవాళ్లలో చాలామంది తెలుగు ఇళ్లవాళ్లు. 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారని పేరున్న జి.డి. నాయుడు తెలుగు కుటుంబం వాడే. ఆ ఊరి చిన్న పంపు షెడ్లు ప్రతి ఒక్కటీ పెద్ద పరీక్షశాల కట్టుకోలేవు. నీళ్లు ఎన్ని వచ్చాయో, ఎంత ఎత్తుకు ఎక్కాయో షెడ్డులోనే సొంత తొట్టితో, సొంత గేజితో రోజూ చూసుకుంటాయి. ముద్ర పడాల్సినప్పుడు మాత్రం చిన్న పరిశ్రమలకు ఉమ్మడిగా పనికొచ్చే సిటార్క్ లాంటి పరీక్షా కేంద్రానికి పంపుతాయి. రోజువారీ కొలతకు సొంత సామాను, సాక్ష్యానికి ఉమ్మడి సామాను. నీళ్లను కొలవడానికీ గాలిని కొలవడానికీ సూత్రం ఒకటే అయినప్పుడు ఈ ఏర్పాటు మనకెందుకు పనికిరాదు?

కాబట్టి నా తీర్పు ఇది. జనగామ, మానుకోట, భూపాలపల్లి షెడ్లలో ఎవరూ అప్పు చేసి కంపెనీ బెంచి కొనొద్దు. మన పని ముందూ తర్వాతా తేడా చూడడం, ఒక పోర్టును ఇంకో పోర్టుతో పోల్చడం. దానికి చెక్క పెట్టె చాలు. హైదరాబాద్ రేసు బైకులవాళ్లకో, రాష్ట్రం బయటికో హెడ్లు అమ్మాలనుకునేవాడికి మాత్రం మినహాయింపు. అతని అంకెను ముఖం తెలియని మనిషి నమ్మాలి, కాబట్టి అతనికి కొన్న బెంచి తప్పదు, లేదా కొన్న బెంచి ఉన్న చోటికి హెడ్డు మోసుకెళ్లాలి. ఈ ప్రాంతానికంతటికీ అలాంటి బెంచి ఒక్కటి ఉంటే చాలు. వరంగల్‌లో 1959 నుంచి ఇంజనీరింగ్ చదువు చెబుతున్న ఎన్ఐటీ ఉంది, ఆటోనగర్ ఉంది. ఆ రెండింట్లో ఏదో ఒకచోట మెకానిక్కులకు తలుపు తెరిచి ఉండేలా దాన్ని పెట్టమని అడగడం న్యాయమైన కోరిక. మూడు ఊళ్ల మెకానిక్కుల సంఘాలు కలిసి అడగాలి.

సొంత బెంచి ఉన్నవాడు ఒక నియమం మాత్రం పాటించాలి. కస్టమరుకు ఇచ్చే కాగితం మీద సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి) అంకెలు రాయకూడదు. "మూడు పోర్టుల మధ్య తేడా ముందు నూటికి తొమ్మిది, ఇప్పుడు రెండు" అని రాస్తే అది నిజం, రైతుకూ అర్థమవుతుంది. అమెరికా పద్ధతిలో 28 అంగుళాల దగ్గర ఇన్ని సీఎఫ్ఎం అని రాస్తే మనం నిరూపించలేని మాట చెప్పినట్టు.

ఇక ఆ సాక్షి సంగతి. ఒక ఇత్తడి బిళ్ల చేయించాలి. మధ్యలో 25 మిల్లీమీటర్ల రంధ్రం, గాలి వచ్చే వైపు అంచు కత్తిలా పదునుగా, వెనకవైపు 45 డిగ్రీలు కోసి ఉండాలి. మంచి లేత్ మేస్త్రీకి గంట పని. వరంగల్‌లో ఆ ఉమ్మడి బెంచి వచ్చాక దాని మీద బిళ్లను ఒకసారి కొలిపించి, వచ్చిన అంకెను బిళ్ల డబ్బా మూత లోపల రాసుకోవాలి. తర్వాత అది మూడు ఊళ్లూ తిరగాలి. ప్రతి షెడ్డులో హెడ్డు స్థానంలో దాన్ని పెట్టి మూడుసార్లు కొలవాలి. మూడుసార్లూ ఒకటే వస్తే పెట్టె నిలకడగా ఉన్నట్టు. ఆ వచ్చింది మూత మీద అంకెతో కలిస్తే జనగామ కొలతా మానుకోట కొలతా ఒకే భాష మాట్లాడుతున్నట్టు. కలవకపోతే నూటికి ఎంత తేడానో గోడ మీద రాసి, అప్పటి నుంచి ఆ మేరకు అంకెను సవరించుకుంటే సరి. ఆరు నెలలకోసారి, ఒకసారి ఎండల్లో, ఒకసారి చలిలో.

జనగామ నుంచి మానుకోటకు కాజీపేట మీదుగా రైల్లో పోవచ్చు. భూపాలపల్లికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సే. డబ్బాలో బిళ్ల చుట్టూ మెత్తటి గుడ్డ ఉండాలి. తీసుకెళ్లేవాడు దాన్ని సీటు కింద పెట్టకుండా ఒళ్లోనే పట్టుకోవాలి, ఆ అంచుకు ఒక్క సొట్ట పడినా మూడు షెడ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.